సెయింట్ ఫింటన్‌కు వలస

"పోయిపోయి ఆ పేటలోనా పిల్లల్ని చేర్చేది?" అంది డీలియా. కోడలు ఇచ్చిన టీ కప్పు ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది.

అత్తగారు ఇలాగే అంటుందని రోజలీన్ ముందే అనుకుంది.

"చూసిన మూడు బళ్ళలో అదే నయం అత్తయ్యా."

"సెయింట్ డెక్లన్‌కి ఏం రోగం? మీ ఆయన అక్కడే చదివాడు. మీ మామగారూ అక్కడే చదివారు. ఇద్దరికీ బుర్రలు బాగానే పనిచేశాయిగా."

"బడికేం రోగం లేదు. మనకే ఇల్లు చాలట్లేదు."

అది నిజమే. కింది వాటాలో అత్తగారు. పై వాటాలో, రెండు గదుల్లో, ఎమ్మెట్, రోజలీన్, నలుగురు పిల్లలు. ఐదో బిడ్డ ఆగస్టుకి రాబోతోంది.

షికాగో దక్షిణాన ఆ రోజుల్లో మనిషిని నీదే వీధి అని ఎవరూ అడిగేవారు కాదు. నీదే పారిష్, అంటే ఏ చర్చి కిందికొస్తావు, అని అడిగేవారు. పెళ్ళి సంబంధాలు, ఉద్యోగాలు, బేస్‌బాల్ తగాదాలు, అన్నీ దాన్నిబట్టే. ఇల్లు ఏ చర్చి పరిధిలో ఉంటే పిల్లలు ఆ చర్చి బడిలోనే చదవాలి. "నా వాళ్ళకే బల్లలు చాలక చస్తున్నాను, ఇల్లు మారితే బడీ మారాల్సిందే" అని సెయింట్ డెక్లన్ చర్చి ఫాదర్ హార్టిగన్ ముందే తెగేసి చెప్పాడు.

అందుకే రోజలీన్ ఇళ్ళకంటే ముందు బళ్ళు చూసింది. ఆవిడదో పద్ధతి. లోపలికెళ్ళి సిస్టర్లను ప్రశ్నలడగడం దండగ, వాళ్ళు అన్నీ బాగున్నాయనే చెబుతారు. మధ్యాహ్నం మూడింటికి గేటు దగ్గర నిలబడి, బడి వదిలాక పిల్లలు ఎలా బయటికొస్తారో చూసేది.

మొదటిది శివారులో ఉంది. పిల్లలు వరసగా, చప్పుడు లేకుండా, శవం వెనక నడుస్తున్నట్టు వచ్చారు. ఆవిడకు భయమేసింది. రెండో బడిలో ఒకర్నొకరు తోసుకుంటూ నేరుగా రైలు పట్టాల మీదికి పరిగెత్తారు. ఇంకా భయమేసింది. సెయింట్ ఫింటన్‌లో మెట్లదాకా బుద్ధిగా వచ్చి, మెట్లు దిగగానే చెవులు చిల్లులు పడేలా కేకలు పెట్టారు. పైన నిలబడ్డ లావుపాటి సిస్టర్ ఏమీ విననట్టు ఆకాశంలోకి చూసింది.

ఆ సాయంత్రమే రోజలీన్ మొగుడితో "ఫింటన్ వైపున్న ఆ ఇల్లే ఖాయం చెయ్యి" అనేసింది.

ఇక మిగిలిన చిక్కల్లా అత్తగారే. రెండో క్లాసు చదివే కూతురు నోరీన్ మే నెలలో తొలి సత్ప్రసాదం, అంటే చర్చిలో ఫాదర్ ఇచ్చే దీవించిన అప్పం మొదటిసారి, తీసుకోవాలి. ఆ రోజుకి తెల్ల గౌను నాయనమ్మే కుట్టింది, తన పెళ్ళి ముసుగులోంచి లేసు కత్తిరించి మరీ. ఇప్పుడా వేడుక సెయింట్ ఫింటన్‌లో జరుగుతుంది.

"నేను ఆ చర్చి గడప తొక్కను," అంది డీలియా. "వాళ్ళు మనలాంటి మనుషులు కారు. మాంసం ముట్టని శుక్రవారంపూట చేప కూడా సరిగ్గా వేయించుకోలేరు. పాడమంటే పిల్లి పీక నొక్కినట్టు పాడతారు."

"మీరెప్పుడు విన్నారు?"

"వినాలా ఏంటి? నాకు తెలియదా వాళ్ళ సంగతి."

నోరీన్ నాయనమ్మ చేత తప్ప జడ కూడా వేయించుకోదు. ఆవిడ రాకపోతే ఆ పిల్ల గౌను ముట్టదు, చర్చి మెట్లెక్కదు.

వార్త పారిష్ అంతా పాకింది. ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ హార్టిగన్ రోజలీన్ చెయ్యి పట్టుకుని, "అక్కడివాళ్ళూ దేవుడి బిడ్డలేనమ్మా, ధైర్యంగా ఉండు" అన్నాడు. ట్యూనా చేప, నూడుల్స్ కలిపి ఓవెన్లో వండిన వంటకం, చావింటికి పంపినట్టు, ఏడిళ్ళ నుంచి గిన్నెల్లో వచ్చింది. నోరీన్ స్నేహితురాలు పెగ్గీ తన పునీతుల పటాల్లో సగం ఇచ్చేసి, వారానికో ఉత్తరం రాస్తానని ఒట్టు పెట్టుకుంది. ఎమ్మెట్‌తో బీరు తాగే స్నేహితులు అతని భుజం తట్టారు గానీ మొహంలోకి చూడలేకపోయారు.

రోజలీన్‌కూ బెంగగానే ఉంది. ఆమె కూడా సెయింట్ డెక్లన్ పిల్లే. ముప్పై మూడేళ్ళొచ్చినా ఫింటన్ వాళ్ళలో ఎవరింటా గుక్కెడు మంచినీళ్ళు తాగి ఎరగదు.

శనివారం పొద్దున్నే సామానంతా వాకిట్లోకి చేరింది. డీలియా గౌను పెట్టె తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"నడుం దగ్గర కుట్టు గట్టిగా వెయ్యలేదు. వాళ్ళ నీళ్ళు పడక చిక్కిపోతే లోపలికి మడిచి కుట్టు."

"మీరే తొడగాలి అత్తయ్యా. లేకపోతే అది వేసుకోదు."

డీలియా మనవరాలి వంక చూసింది. నోరీన్ పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది.

"సరేలే, వస్తాను. కానీ వాళ్ళతో కలిసి పాడమంటే మాత్రం పాడను."

రోజలీన్ అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నోరీన్ నాయనమ్మ నడుం పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

"చేరగానే ఫోన్ చెయ్యవే. నాకు కాళ్ళూ చేతులూ ఆడవు."

"చేస్తాను అత్తయ్యా."

సోఫాకి ఒక కొసన ఎమ్మెట్, ఇంకో కొసన అతని తమ్ముడు పట్టుకుని పైకెత్తి, అటుగా వస్తున్న రెండు కార్లు వెళ్ళేదాకా ఆగి, రెండు పారిష్‌లకూ హద్దయిన ఆ రోడ్డు దాటి, ఎదురింటి మెట్లెక్కారు.