గీత దాటని డిస్కు

తలుపుకి లోపలివైపు కూడా తాళం వేసుకునే ఇంటిని మెకానిక్ అంతకుముందెప్పుడూ చూడలేదు.

"దొంగల భయం," అన్నాడు ఇంటాయన, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుంటూ.

పట్టపగలు. కిటికీలు కూడా మూసే ఉన్నాయి. ఫ్యాన్ తిరుగుతోంది గానీ, అది తిప్పుతున్నది నిన్నటి గాలే.

టీవీ కింద ముసలి డీవీడీ ప్లేయరు. దాని పక్కన పీట మీద ఇంటావిడ కూర్చుని ఉంది. మెకానిక్ నమస్కారం పెడితే తలూపి ఊరుకుంది.

"రేపు వీళ్ళన్నయ్య వస్తున్నాడు," అన్నాడు ఇంటాయన. "వచ్చినప్పుడు మా పెళ్ళి వీడియో వేద్దామని ఈవిడే అడిగింది. పిచ్చాపాటీ తగ్గుతుంది గదాని నేనూ సరేనన్నా. తీరా నిన్న వేసి చూస్తే అక్కడక్కడా ఇరుక్కుపోతోంది. ఇవాళే బాగుచెయ్యాలి."

"చూద్దామండీ. వయసైపోయింది గదా, అలకలు మామూలే," అన్నాడు మెకానిక్ మూత విప్పుతూ.

లెన్సు మీద దుమ్ము పేరుకుంది. అది జరిగే కమ్మీ మీద గ్రీజు ఎండి అట్టకట్టింది. స్పిరిట్ సీసా బండిలో మర్చిపోయాడు. తెచ్చుకుంటానంటే ఇంటాయన తాళం తీశాడు. వచ్చేదాకా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. రాగానే మళ్ళీ తాళం వేశాడు. మెకానిక్‌కి నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూశాక నవ్వు ఎటో పోయింది.

లెన్సు తుడిచి, కొత్త గ్రీజు రాసి, తన సంచిలోని డిస్కు వేశాడు. ఎక్కడా ఆగకుండా పరిగెత్తింది.

"మిషన్ బానే ఉందండీ. తేడా మీ డిస్కులోనే."

పెళ్ళి డిస్కు పెట్టాడు. కాసేపటికి తెర మీదకి గౌను ఎత్తిపట్టుకుని ఓ చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చింది. 'నన్ను కూడా ఫొటో తియ్యండి' అనబోయి, "నన్ను... నన్ను... నన్ను..." అంటూ నోరు తెరుచుకుని ఉండిపోయింది. మెకానిక్ బటన్ నొక్కి ముందుకు నడిపాడు. ఆ తర్వాత పెళ్ళికొచ్చిన బట్టతల పెద్దాయన వంతు. గ్రూపు ఫొటో కోసం జనాన్ని పిలవబోయి, "అందరూ బయటికి... బయటికి... బయటికి..." అంటూ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

"నిన్నంతా ఈయన గోలే," అన్నాడు ఇంటాయన.

అంతలో ఆయన ఫోను మోగింది. "ఆఁ బావా... వంటింట్లో ఉంది బావా... బాగానే ఉంది, దానికేం? రేపు నువ్వే చూస్తావుగా," అని పెట్టేశాడు.

ఆవిడ అక్కడే ఉంది, పీట మీద, ఆయనకి చెయ్యి చాపితే అందేంత దూరంలో. మెకానిక్ ఒకసారి ఆవిడ వైపు చూశాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మనకెందుకులే అని తల దించుకుని పనిలో పడ్డాడు. మంచివాడే. పనిలో దిగితే మాత్రం చెవులు పనిచెయ్యవు.

వీడియో చివర్లో హాలు ఖాళీ అయింది. కుర్చీలవాళ్ళ మీద ఎవరో అరుస్తున్నారు. "తీసుకెళ్ళండి... తీసుకెళ్ళండి... తీసుకెళ్ళండి..." ఎంతకీ ఒక్క కుర్చీ కదల్లేదు.

డిస్కు బయటికి తీసి లైటు కింద పెట్టి చూశాడు. సన్నటి గీతలు మూడు, గుండ్రంగా, ఒకదానికొకటి దూరంగా.

"ఇదండీ సంగతి. గీత అడ్డంగా పడితే లెన్సు దాటేస్తుంది. గుండ్రంగా పడితే దాని వెంటే తిరుగుతుంది, దాటలేదు."

"మా ఇంట్లో నేను గీసిన గీతే ఎవరూ దాటరు. దీనికేమొచ్చింది?" అని నవ్వి, ఇంటాయన భార్య వైపు తిరిగాడు. "గుండ్రంగా రుద్దావా?"

మెకానిక్‌కి జాలేసింది. మెత్తగా చెప్పాడు. "మధ్యలోంచి అంచుకి తుడవాలమ్మా. గుండ్రంగా రుద్దకూడదు."

"తెలుసండీ," అంది ఆవిడ. ఆవిడ గొంతు వినడం అదే మొదలు.

"తెలిసే చేసిందట!" అన్నాడు ఇంటాయన.

మెకానిక్ సంచిలోంచి పాలిష్ పేస్టు తీశాడు. ఆవిడ పీట మీంచి లేచింది.

"అలాగే ఉండనివ్వండి. మా అన్నయ్య ఏమీ అనుకోడు."

"నువ్వు కూర్చో," అన్నాడు ఇంటాయన. ఆవిడ కూర్చుంది.

"ఎంతసేపమ్మా," అన్నాడు మెకానిక్. పని సగంలో వదలడం అతని ఒంట్లో లేదు. మధ్యలోంచి అంచుకి, మధ్యలోంచి అంచుకి, ఓపిగ్గా రుద్దాడు. కడిగి, ఆరబెట్టి, మళ్ళీ వేశాడు. చిన్నపిల్ల గడగడా మాట్లాడేసింది. పెద్దాయన పిలుపుకి జనం కదిలారు. కుర్చీలు కూడా వెళ్ళిపోయాయి.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెళ్ళి గుర్తొచ్చి ఉంటుంది పాపం అనుకున్నాడు మెకానిక్. అతను గుమ్మం దాటగానే వెనక తాళం పడింది. వీధిలోకొచ్చి గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని, తాళం సంగతీ ఫోను సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాడు. డిస్కులోవాళ్ళు ఎలా ఇరుక్కుపోయారో ముగ్గురినీ దింపేశాడు. మొదటిదానికి ఆవిడ పగలబడి నవ్వింది. మూడోదానికి చేతిలోంచి చీర జారిపోయింది.

"గీతలు సరిగ్గా ఆ మాటల దగ్గరేనా?"

"ఆఁ. చెరిపేశాగా. ఇప్పుడు నున్నగా నడుస్తోంది."

"ఆ మూడు మాటలూ మళ్ళీ చెప్పండి. ఈసారి ఆగకుండా."

"దానిదేముంది?" అంటూ మెకానిక్ నవ్వుతూనే అందుకున్నాడు.

"నన్ను బయటికి తీసుకెళ్ళండి."