చిల్లులు పడిన పళ్లెం

బల్ల మీద పన్నెండు చిన్న గాజు పళ్లేలున్నాయి. పదకొండింటిలో తెల్లటి పొర మీగడలా సాఫీగా పరుచుకుంది. పన్నెండో దానిలో మాత్రం గుండుసూదితో పొడిచినట్టు అన్నీ చిల్లులే. దాని మూత మీద అంటించిన చీటీలో తొట్లు కడిగే అమ్మాయి పేరుంది.

"నేను చెప్తే నమ్మారు కాదు," అన్నాడు చీజ్ మేస్త్రి.

రెండు నెలలుగా ఆ డెయిరీలో చీజ్ చక్రాలు అరల మీదే ఉబ్బి పగిలిపోతున్నాయి. కోస్తే లోపలంతా చిల్లులు, భరించలేని కంపు. ఎవరి బూట్లకో అంటుకుని పాడు బ్యాక్టీరియా లోపలికి వస్తోందని మేనేజరు అనుమానం. ల్యాబ్ మేడమ్‌ని పిలిపించి, పన్నెండు మంది బూట్లు కడిగిన నీళ్లను పరీక్షకు ఇచ్చాడు. దొరికినవాళ్లు ఆ రోజే ఇంటికి పోవాలని ముందే చెప్పాడు. ఈ పొద్దున మేడమ్ పెట్టెలోంచి పళ్లేలు తీసి బల్ల మీద పేర్చి, సామాను తెచ్చుకోవడానికి కారు దగ్గరికి వెళ్లింది. చీజ్‌లో చిల్లు పడితే చక్రం చెత్తకుప్పలోకే అని తెలిసినవాళ్లు, పళ్లెంలో చిల్లులు చూసి ఇంకేం అనుకుంటారు.

పశువుల కొట్టంలోంచి వెళ్తున్నావా అని మేనేజరు అడిగాడు. అమ్మాయి అబద్ధం ఆడలేదు. కొట్టం వెనక గదిలో ఆయా దగ్గర బిడ్డ ఉన్నాడు. చుట్టు తిరిగి వెళ్తే పాలిచ్చి వచ్చే టైము చాలదు. వచ్చాక ప్రతిసారీ బూట్లు రుద్ది రుద్ది కడుక్కుంటున్నానంది.

"కడిగావులే," అన్నాడు మేస్త్రి. ఆయన ఆమెకు వరసకు చినమామ. "కోడలు పిల్ల బిడ్డ పేరు చెప్పి రోజుకు మూడుసార్లు పేడలో షికారు చేసొస్తే, చీజ్ ఉబ్బక ఏం చేస్తుంది?"

ఎవరో నవ్వు ఆపుకున్నారు. బిడ్డకు పాలిచ్చే వేళ దాటిపోయి అమ్మాయి జాకెట్టు తడిసింది. పైట సర్దుకుంటూ మెల్లగా అంది.

"బయటి పనైనా ఇవ్వండి సార్. వాడికింకా ఏడో నెల. వేరే చోట ఎక్కడా బిడ్డతో రానివ్వరు."

మేనేజరు ఆమె మొహం చూడకుండా, లెక్క తేల్చి పంపమని గుమాస్తాకు చెప్పాడు.

అప్పుడే మేడమ్ వచ్చింది. ఆ పళ్లెం అందుకుని కిటికీ దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె మొహం విప్పారింది.

"ఇది ఎవరిది?"

"కంగారు పడకండి, ఇవాళే పంపించేస్తున్నాం," అన్నాడు మేనేజరు.

"పంపించేస్తారా? ఆ తెల్లటి పొర చూశారా, అదే మీ చీజ్‌ని ఉబ్బిస్తున్న బ్యాక్టీరియా. అన్నిట్లో నేనే పెంచి, పైన మీ బూట్ల నీళ్లు చల్లాను. చిల్లు ఉన్న చోట అది చచ్చిపోయింది."

దాన్ని ఏది చంపిందని మేనేజరు అడిగితే, బూట్ల నీళ్లలో ఉన్న వైరస్ అంది. అది బ్యాక్టీరియాలోకి దూరి, లోపలే పిల్లల్ని పెట్టి, బయటపడడానికి ఒక ఎంజైమ్‌తో దాని గోడ కరిగించేస్తుందట. ఆ ఎంజైమ్‌ని వేరు చేసి పాలలో కలపగలిగితే ఈ పాడుదాని గోడ ఒక్కటే కూలుతుంది, చీజ్‌ని పులియబెట్టే మంచి బ్యాక్టీరియా జోలికి పోదు. ఏడాది పని పడుతుంది కానీ ఆశ ఉందంది. ఇక ఆ పాడుది ఎవరి బూట్లతోనూ రావడం లేదు, పశువులు తినే పులిసిన మేతలోంచి నేరుగా పాలలోకే దిగుతోందని కూడా చెప్పింది.

మేనేజరు కుర్చీలో కూలబడి, గుమాస్తాను వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు. అమ్మాయి గోడకు ఆనుకుని, ఇంతసేపూ బిగపట్టిన ఊపిరి వదిలింది.

మేడమ్ కలం తీసింది. మా ల్యాబ్‌లో వైరస్ ఎవరి దగ్గర దొరికితే వాళ్ల పేరే దానికి పెడతాం, పుస్తకాల్లో ఎప్పటికీ ఆ పేరే ఉంటుంది, నీ పూర్తి పేరు చెప్పమ్మా అంది. అమ్మాయి సిగ్గుపడుతూ నోరు తెరిచింది.

"ఆగండి మేడమ్," అన్నాడు మేస్త్రి. "ఆ పళ్లెం నాది. మీరు కారు దగ్గరికి వెళ్లినప్పుడు చీటీలు మార్చింది నేనే."