దిగమన్న మనిషి

మూడో పాట సగంలో ఉండగా వెనిగర్ కారుతున్న చిప్స్ పొట్లం ఎగిరొచ్చి మోర్వెన్ గిటారు మీద పడింది.

“దిగండర్రా! మన రేవులో పక్షులు మీకంటే నయంగా అరుస్తాయి!”

విసిరినవాడు వాటీ. ముందుపన్ను సగం విరిగిన ముసలాడు. స్కాట్లాండ్‌లోని డండీ రేవు పక్కన సెంగా నడిపే పబ్బులో ప్రతి శుక్రవారం తలుపు దగ్గర నిలబడతాడు. మొదటి రెండు పాటలకూ నోరు మెదపడు. మూడోది మొదలైందా, ఇక ఒంటికాలి మీద లేస్తాడు.

“ఏమే పిల్లా, గొంతులో బఠాణీ ఇరుక్కుందా?”

“తాతా, నీ బీరు నువ్వు తాగు. మా పాట మేం పాడుకుంటాం,” అంది మోర్వెన్ మైకులోనే.

“పాటా? ఎక్కడుంది? కాస్త నాకూ వినిపించండి!”

పబ్బంతా గొల్లున నవ్వింది. మోర్వెన్ చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి, డ్రమ్ముల దగ్గరున్న కెర్‌తో ఒకటే మాట అంది.

“మొదట్నించి.”

పాట మళ్ళీ మొదలైంది. వాటీ మళ్ళీ అరిచాడు. వీళ్ళు మళ్ళీ మొదట్నించి అందుకున్నారు. ముసలాడి గొంతు బొంగురుపోయేదాకా పాడారు.

అప్పట్నించి ప్రతి శుక్రవారం అదే పంతం. దిగమంటే, మొదట్నించి.

పేపర్ యాంకర్స్ అనే ఆ బ్యాండుకు పంతం తప్ప వేరే ఆస్తేమీ లేదు. ఒకసారి లండన్ నుంచి రికార్డుల కంపెనీ మనిషి ఒకడు దిగాడు. కెర్ లావుగా ఉన్నాడు, తీసెయ్యమన్నాడు. మోర్వెన్‌ని యాస మార్చుకోమన్నాడు. తన బూట్లు చూసుకున్నంత సేపు కూడా వాళ్ళ పాట వినలేదు.

“మా డ్రమ్మరూ మా యాసా మా దగ్గరే ఉండనీ. మీరు రైలెక్కండి,” అంది మోర్వెన్.

చేతికందింది కాలదన్నుకున్నారని ఊరంతా నవ్వింది. నవ్వడానికి ఊరికి డబ్బులు కావాలా?

కంపెనీవాడిని పంపినంత తేలిగ్గా వాటీని పంపలేకపోయారు. కొత్త సంవత్సరం రాగానే సెంగా దగ్గర పట్టుబట్టారు.

“ఎన్నో ఏళ్ళుగా వస్తున్న మనిషే తల్లీ,” అని నసిగింది సెంగా.

“ఆయనో, మేమో తేల్చు.”

సెంగా తేల్చింది.

ఆ తర్వాతి శుక్రవారాలు వాటీ వానలో, కిటికీ అవతల నిలబడ్డాడు. అరవలేదు. కెర్ లేచి వెళ్ళి కర్టెన్ లాగేశాడు.

ఫిబ్రవరిలో ముసలాడు పోయాడని కబురొచ్చింది.

“పీడా పోయింది, ఇక ప్రశాంతంగా వాయించుకోవచ్చు,” అని కెర్ గ్లాసెత్తాడు. మోర్వెన్ కూడా ఎత్తింది.

ఏప్రిల్‌లో జర్మనీ నుంచి పిలుపు. పిలిచింది బ్రెమెన్‌లో హైకో అనే హాలు యజమాని. ఓ పెద్ద బ్యాండుకు ముందు అరగంట వాయించాలట. చివరిదాకా నిలబడితే మిగతా ఊళ్ళలో కూడా ఏర్పాటు చేస్తాడట. మధ్యలో దిగితే మర్నాడే తిరుగు పడవ.

“మన పాట సముద్రం దాటిందే!” అని కెర్ గంతులేశాడు. దాటించిందెవరో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

బ్రెమెన్ హాలు నిండిపోయింది. వచ్చినవాళ్ళంతా పెద్ద బ్యాండు కోసం వచ్చినవాళ్ళే. మొదటి పాటకు ఈలలు. రెండో పాటకు ప్లాస్టిక్ గ్లాసులు. మూడో పాటకు హాలు మొత్తం ఒకే మాట అందుకుంది.

మాట జర్మన్‌ది. అర్థం మాత్రం వాటీదే.

మోర్వెన్ జుట్టులోంచి బీరు కారుతోంది. కెర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మన వల్ల కాదే, దిగిపోదాం,” అన్నాడు.

“వాటీకే దిగలేదు, వీళ్ళకా దిగేది? కొట్టరా! మొదట్నించి!”

హాలు అరిచింది. మోర్వెన్ పాట ఆపి, మళ్ళీ మొదట్నించి ఎత్తుకుంది. ఇంకా గట్టిగా అరిచారు. ఇంకోసారి మొదట్నించి.

ఎక్కడో ఒకడు పకపకా నవ్వాడు. పక్కవాడికీ నవ్వొచ్చింది. ఇంకోసారి మొదలుపెట్టేసరికి ఆ నవ్వు కాస్తా చప్పట్లయింది. చివరికి కెర్ కర్ర ఎత్తకముందే హాలంతా చేతులెత్తి తాళం వేసింది. అరగంట దాటినా దిగనివ్వలేదు. పెద్ద బ్యాండువాళ్ళు తెర పక్కన గిటార్లు తగిలించుకుని, గుటకలు మింగుతూ నిలబడ్డారు.

స్టేజీ వెనక హైకో వాళ్ళిద్దర్నీ ఒకేసారి కౌగిలించుకున్నాడు.

“హాంబర్గ్, ఆర్హుస్, గోథెన్‌బర్గ్, అన్నీ మీవే! ఇక ఇంకొకడి ముందు కాదు, మీ పేరు మీదే!”

కెర్ గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

హైకో వాళ్ళ వెనక్కి తొంగి చూశాడు.

“అవునూ, వాటీ ఏడీ? మీ వెంట రాలేదా?”

తల తుడుచుకుంటున్న మోర్వెన్ చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

“ఏ వాటీ?”

హైకో గోడ మీద వెలిసిపోయిన పోస్టరు చూపించాడు. ఎప్పటిదో ఒక బ్యాండు. మైకు ముందు నోరు తెరిచి పాడుతున్న కుర్రాడు. ముందుపన్ను సగం లేదు.

“ఏటా క్రిస్మస్‌కి వచ్చి దీని ముందు కాసేపు నిలబడి వెళ్తాడు.”

“ఫిబ్రవరిలో పోయాడు,” అంది మోర్వెన్ మెల్లగా.

హైకో పోస్టరు మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు.

“మమ్మల్ని దిగమని అరిచేవాడు,” అన్నాడు కెర్, తల వంచుకుని.

“తెలుసు. మొన్న క్రిస్మస్‌కి అదే చెప్పి మురిసిపోయాడు: ‘దిగమని రెండేళ్ళుగా అరుస్తున్నా దిగట్లేదు హైకో, వాళ్ళని నీ స్టేజీకి పిలువు, మూడో పాటకి నాలాగా దిగిపోరు.’”