కోటు రంగు

సెబేరో కర్రతో పొయ్యిలో బూడిద కెలుకుతున్నాడు. భుజాన తుపాకీ వేలాడుతోంది.

"ఆ సిపాయి కోటు కాల్చేశావు, సరే. ఏ సైన్యమో చెప్పే బొత్తాలు కాలవుగా అక్కా?"

"కాలవు. బావిలో పారేశాను," అంది గ్రాసియానా చిక్కుళ్లు ఒలుస్తూ.

"మనం తాగే బావిలోనా?"

"పాడుబడ్డ దాంట్లో."

పక్క కొట్టంలో గాయపడ్డ సిపాయి దుప్పటి కింద మూలుగుతున్నాడు. నిన్న వాగు ఒడ్డున పడి ఉంటే ఆమే మోసుకొచ్చింది.

"ఏం భాష మాట్లాడుతున్నాడు?"

"జర్మన్ అట. పాదిరీగారు చెప్పారు."

సెబేరో తల గోక్కున్నాడు. "ఎర్రకోటు జర్మన్లు ఇంగ్లీషోళ్లతో కలిసి మన వైపు ఉన్నారు. నీలికోటు జర్మన్లు ఫ్రెంచోళ్లతో వచ్చి మన ఊళ్లు తగలబెడుతున్నారు. వీడిది ఏ రంగు?"

"బురద రంగు. నిలువెల్లా మట్టే."

"ఉతికితే తెలిసేదిగా."

"తెలిసేది."

"మరి ఉతకలేదేం? బావను చంపింది నీలికోట్లేనని మర్చిపోయావా?"

గ్రాసియానా చేతిలో కాయ పక్కన పెట్టింది.

"మర్చిపోలేదు. నీలమని తేలితే నిన్ను పిలవకుండా ఉండలేను. పిలిస్తే నువ్వు కాల్చకుండా ఉండలేవు. అందుకే అసలు చూడకుండా పొయ్యిలో పెట్టాను."

సెబేరో చేతిలో కర్ర పొయ్యి పక్కన పడేశాడు. తర్వాత తుపాకీ గోడకు ఆనించి కొట్టంలోకి వెళ్లాడు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒళ్లు కాలిపోతోంది వాడికి," అన్నాడు. "వెల్లుల్లి చారు ఉంటే ఇలా ఇవ్వు. నేను పట్టిస్తాను."