లోపలి గుడ్డ

"అప్పుడే ఇంత గిరాకీనా?" అంది నాకు కుట్టుమిషన్ ఇప్పించిన మేడమ్, నా గుడారం ముందు ఆడవాళ్ళ వరుస చూసి. యుద్ధంలో ఇల్లొదిలి ఈ శిబిరానికి వచ్చాక నాకు మెతుకు పెట్టింది ఆ మిషనే.

"మీ దయ మేడమ్. చేతినిండా పని," అన్నాను.

ఆవిడ ముచ్చటపడి ఫొటో తీసుకుంది.

ముందున్న తల్లి ఒక గౌను ఇచ్చింది. నేను కుట్టిందే. పిల్ల ఒళ్ళు చేస్తే కుట్లు విప్పి పెద్దది చేసుకోవచ్చని, పక్కల్లో కాస్త గుడ్డ వదిలి కుట్టడం మొదటినుంచీ నా అలవాటు.

"పిల్లలు ఎదుగుతున్నంత కాలం నీకు పనికి కొదవేముంది," అని నవ్వింది మేడమ్.

తల్లి ఆవిడ వంక చూడలేదు.

"అక్కా, మళ్ళీ వదులైపోయింది. భుజాల మీద నిలవట్లేదు. సైడ్లు ఇంకాస్త పట్టెయ్యి," అంది నాతో.

గౌను తిరగేశాను. మొదటి కుట్టు, దాని పక్కన పోయిన నెల వేసింది, దాని పక్కన పోయిన వారం వేసింది. ఇంకొకటి వేశాను.

వెనకున్న వాళ్ళ చేతుల్లోనూ నేను కుట్టిన పాత బట్టలే. అన్నీ బిగించాల్సినవే.

గౌను మడిచి ఇచ్చాను. దానికిప్పుడు బయటకంటే లోపలే గుడ్డ ఎక్కువుంది.