అవిసె నూనె వాసన

“ఇది ఇల్లనుకున్నావా, పాతగుడ్డల కొట్టనుకున్నావా?”

వరండా కమ్మీ పొడుగునా విడివిడిగా వేలాడుతున్న నూనె గుడ్డల్ని చూసి తల్లి మండిపడింది.

“ఆరనీ అమ్మా. సాయంత్రం నేనే తీసేస్తాను.” చిన్నకొడుకు తలెత్తలేదు. అతని ఒళ్ళో స్నూకర్ కర్ర ఉంది. దానికి దళసరిగా పూసిన వార్నిష్‌ని గరుకు కాగితంతో రుద్ది రుద్ది వదిలించాడు. తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగుని మళ్ళీ సాపు చేశాడు. ఇప్పుడు అరచేతిలో కాస్త అవిసె నూనె పోసుకుని, చెక్క వేడెక్కేదాకా పామి, మిగిలిన జిడ్డుని గుడ్డతో తుడిచేస్తున్నాడు.

“పారేసే గుడ్డల్ని ఆరెయ్యడమేమిట్రా? చూసినవాళ్ళు నవ్విపోతారు.”

“మనింటికొచ్చి చూసేదెవరులే.”

వంటింట్లోంచి కోడలు కిసుక్కున నవ్వింది.

“నువ్వు నవ్వకు. చీర చింపి మరీ ఇచ్చి ఉంటావు వాడికి.”

“చీరెందుకిస్తానత్తయ్యా? ఆయన కొత్త చొక్కా చింపుదామని వెతికాను. ఖర్మకొద్దీ పాతదే దొరికింది.”

తల్లికి నవ్వు రాలేదు. ఆ వాసన ఆవిణ్ణి నిలవనివ్వడం లేదు. భర్త చేతులకి ఎప్పుడూ ఉండే వాసన అది. సబ్బు పెట్టి తోముకున్నా పోయేది కాదు. పొద్దుట్నుంచి వంటింటి గుమ్మం దగ్గర వెనక ఎవరో నిలబడ్డట్టనిపించడం, ఆవిడ పక్కకి తప్పుకుని దారివ్వడం, తీరా చూస్తే ఎవరూ లేకపోవడం.

“ఇన్నేళ్ళకి మీ నాన్న కర్ర మీద ప్రేమ పుట్టుకొచ్చిందేం?”

“ఇన్నాళ్ళూ నాన్న ఆడే క్లబ్బులోనే ఉండిపోయింది కదా, వాళ్ళు వార్నిష్ పూసి పాడుచేశారమ్మా. చేతికి పట్టుకుంటుందని నాన్నకి వార్నిష్ అంటే ఒళ్ళుమంట కదా. నాన్న ఉంచుకున్నట్టే మళ్ళీ నూనె పెట్టి... అన్నయ్యకిద్దామని.”

తల్లి మొహం బిగుసుకుపోయింది.

“వాడి ఊసెత్తకు. దొంగచాటుగా సిగరెట్టు తాగి వెనకగదిలో పారేశాడు. నిద్రలో ఉన్న తండ్రిని నిలువునా కాల్చేశాడు. ఇది నేను కల్పించిన మాట కాదు, వాడు తన నోటితో ఒప్పుకున్నదే. నా కంఠంలో ప్రాణముండగా వాడు ఈ గడప తొక్కడానికి వీల్లేదు.”

“ఒక్కసారి చూడాలని లేదా అమ్మా?”

ఆవిడ విసవిసా లోపలికి వెళ్ళిపోయింది.

కొడుకు కర్రని బల్ల మీద పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, బజారుకి వెళ్ళాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, తల్లి వరండాలోకొచ్చింది. గుడ్డలన్నీ లాగి, గట్టిగా ఉండచుట్టి, మూలనున్న రేకు చెత్తడబ్బాలో కుక్కి మూత బిగించింది. వరండా శుభ్రమయ్యాక గాని ఆవిడ ప్రాణం కుదుటపడలేదు.

మధ్యాహ్నం కునుకులో ఉండగా వాసన మారింది. నూనె కాదు, కమురు. ఒక్కసారే విన్నా మరిచిపోలేని కేక లాంటి వాసన.

ఆవిడ గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది. నీడలో ఉన్న డబ్బా మూత అంచునుంచి సన్నగా పొగ లేస్తోంది. దరిదాపుల్లో ఎవరూ లేరు.

“ఆయనొచ్చారు,” అంది గొణుగుతున్నట్టు. తర్వాత గొంతు చించుకుని, “ఒరే, మీ నాన్న వచ్చార్రా!”

అప్పుడే ఇంటికొచ్చిన కొడుకు చేతిలో సంచీ పడేసి పరిగెత్తుకొచ్చాడు. మూత కాలితో తన్ని, బకెట్టుడు నీళ్ళు కుమ్మరించాడు. నల్లటి గుడ్డల ముద్ద బుస్సుమంది.

“అగ్గిపుల్ల గియ్యలేదే ఎవరూ! నిప్పెలా వచ్చిందిరా?”

“ఎండకి వేడెక్కి ఉంటుందిలే. నువ్వు లోపలికి పద అమ్మా.”

“నీడలో ఎండేమిటండీ?” అంది కోడలు. “అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి కుక్కితే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయని, విడివిడిగా ఆరెయ్యాలని మీరేగా నాకు చెప్పారు!”

అతను కళ్ళతోనే వారించాడు. కానీ మాట జారిపోయింది.

తల్లి ఆ తడి ముద్దని చూస్తూ నిలబడింది. తర్వాత వెనకగది గుమ్మం దాకా నడిచి, లోపలినుంచి ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు తల పక్కకి వంచి, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది.

భోజనాల దగ్గర కలిపిన ముద్ద కంచంలోనే ఉంచి, ఆవిడ నోరు విప్పింది.

“రేపు పెద్దాడింటికి వెళ్తున్నాను. వాణ్ణి తీసుకొచ్చేస్తాను.”

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. “పోన్లెండి అత్తయ్యా. ఇన్నాళ్ళకి క్షమించారు.”

“క్షమించాల్సింది నేను కాదమ్మా, వాడు. ఆ రోజు మీ మామగారు కిటికీకి ఆరేసిన గుడ్డల్ని ఆయన నిద్రపోయాక మూటగట్టి, మంచం కింద బుట్టలో కుక్కింది నేనే. గది నీటుగా ఉండాలని. తన సిగరెట్టే తండ్రిని చంపిందనుకుని నా బిడ్డ ఎంత కుమిలిపోయాడో! ఆ పాపం వాడిది కాదు, నాదని నా నోటితో చెప్పాలి.”

చిన్నకొడుకు ఎడంచేత్తో తల్లి భుజం పట్టుకున్నాడు.

“వెళ్ళమ్మా. కానీ ఆ మాట చెప్పక్కర్లేదు, వాడికి ఆ రోజే తెలుసు. అన్నయ్య జన్మలో సిగరెట్టు ముట్టలేదు.”