ఘోషాలో బ్యాంజో

“పెద్ద దొరసానికి చెప్పిన. రేపు అందరి ముందల నిన్ను పరీక్ష వెడ్తరు,” అన్నాడు కొండల్, గుమ్మంలో నిలబడి. “నీ గుడ్డి యేషం రేపటితోని ఖతం, బావా.”

దుర్గయ్య తలెత్తలేదు. బ్యాంజో తీగలు తుడుస్తూనే ఉన్నాడు.

పోలీసు యాక్షన్‌కు ముందు ఇద్దరూ ఒకే పెళ్లిబాజాలో ఉండేవాళ్లు. కొండల్‌ది డోలక్. దుర్గయ్యది మీటలు నొక్కి వాయించే బ్యాంజో. క్లారినెట్ల హోరులో అది ఎవరికీ వినబడేది కాదు. ఘోషా పాటించే దొరల దేవిడీల్లో ఆడవాళ్ల వేడుకలకు గుడ్డి వాద్యగాళ్లనే రానిస్తారని తెలిసిన రోజు, దుర్గయ్య నల్లద్దాలు కొన్నాడు.

ఆ తర్వాత శాలిబండ దేవిడీల్లో ఏ పిల్లను పెళ్లికూతుర్ని చేసినా అతని బ్యాంజోయే మోగింది. తమను ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు మనుషుల ముఖాలు ఎంత వికారంగా ఉంటాయో అతను ఆ అద్దాల వెనక నుంచి చూశాడు. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే చేతులు విరిచేస్తారు.

తెలిసింది ఇద్దరికే. భార్య బాలమ్మకు, ఆమె తమ్ముడు కొండల్‌కు.

“నన్ను గూడ తీస్కపొమ్మంటె ఏమన్నవ్?” అన్నాడు కొండల్, గుమ్మంలోంచే.

“ఒక్క ఇంట్లకెల్లి ఇద్దరు గుడ్డోళ్లొస్తె ఎవడు నమ్ముతడ్రా?”

“అయితె ఒక్కడు గూడ వద్దు,” అని కొండల్ వెళ్లిపోయాడు.

దుర్గయ్య లేచి గోడ తడుముకుంటూ కుండ దగ్గరికి నడిచాడు. కాలు తగిలి చెంబు దొర్లింది.

“ఇంట్ల గూడ గీ ఆటేంది? ఎవలు జూస్తున్రని?” బాలమ్మ కసిరింది.

“అలవాటు తప్పితె ఆడ దొరికిపోత.”

“దొరుకు. నా తమ్ముని కడుపు కొట్టినవ్.”

అతను వంగి, నేల తడిమి చెంబు అందుకున్నాడు.

మర్నాడు దేవిడీలో ఆడవాళ్లంతా గోడల వెంట కూర్చున్నారు. నోరు మెదపొద్దని దొరసాని ఆజ్ఞ. కొండల్ పరదా అవతలే ఆగిపోయాడు. కళ్లున్నవాడికి లోపలికి దారి లేదు. పరీక్ష మాత్రం అతను చెప్పిందే.

పాట సగంలో ఉండగా దాసి ఆగమ్మ చప్పుడు కాకుండా వచ్చి, పటకారుతో నల్లతేలును బ్యాంజో మీటల మీద వదిలింది. కొండి తుంచిన తేలు. తుంచారని దుర్గయ్యకు ఎవరూ చెప్పలేదు.

తేలు మీట నుంచి మీటకు పాకింది. దుర్గయ్య వేళ్లు దానికి ఎదురు వెళ్లాయి. ఒక వేలు దాని వీపు మీద పడింది.

“ఏందమ్మా, బొద్దింకనా?” అని నవ్వి, విదిలించి, ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకున్నాడు.

పెద్ద దొరసాని లేచి నిలబడింది. “పాపం, ఈ గుడ్డాయన మీద చాడీలు చెప్పినోడేడి? తన్ని బయటికి దొబ్బున్రి!”

పరదా అవతల దెబ్బలు మొదలయ్యాయి. “బావా! నిజం చెప్పు బావా!” కొండల్ అరుస్తున్నాడు.

దుర్గయ్య ఇంకాస్త గట్టిగా వాయించాడు.

సాయంత్రం ఇంట్లో తమ్ముడి వీపుకు పసుపు రాస్తూ బాలమ్మ పళ్లు నూరింది. “కండ్ల ముందల నల్లతేలు పారుతుంటె ఏలు వెడ్తివి గదనే. నీది మనిషి పుట్కేనా?”

అది తేలని దుర్గయ్యకు తెలిసింది అప్పుడే. మొన్నటి వానకాలంలో తన చూపు నిజంగానే పోయిందని మాత్రం అతను ఇంకా ఎవరికీ చెప్పలేదు.